ఒకే రూబెన్స్ ప్రింట్ మూడు మ్యూజియాల్లో ఉంటే ఒరిజినల్ ఏది?

నెదర్లాండ్స్ నుంచి మీరు అడిగింది ఇదీ: మూడు మ్యూజియాల వెబ్‌సైట్లలో, 17వ శతాబ్దపు ఆంట్‌వెర్ప్ (ఇప్పటి బెల్జియం) చిత్రకారుడు రూబెన్స్ పోర్ట్రెయిట్ ప్రింట్ ఒకటే కనిపించింది. బొమ్మ గీసింది ఇంకో చిత్రకారుడు వాన్ డైక్, రేకు మీద చెక్కింది పౌలుస్ పాంటియస్. తేదీ మూడుచోట్లా దాదాపు ఒకటే, 1630కీ 1645కీ మధ్య. కానీ ఒకదాని కింద మార్టిన్ వాన్ డెన్ ఎండెన్ పేరు ఉంది, ఇంకోదాని కింద జి.హెచ్. అన్న అక్షరాలు ఉన్నాయి, మూడోదాని కింద ఆ రెండూ లేవు. వీటిలో ఒరిజినల్ ఏది, మిగతావి కాపీలా, కింద లాటిన్‌లో ఏం రాశారు, ఇలాంటిదే ఆన్‌లైన్ వేలంలో కనిపిస్తే కొనొచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను. మూడూ ఒరిజినల్సే. మీరు చెప్పిన వివరాలను బట్టి మూడూ ఒకే రాగి రేకు మీద నుంచి పడ్డ ప్రింట్లు. తేడా అవి ఎప్పుడు పడ్డాయన్న దాంట్లో ఉంది. ఎండెన్ పేరున్నది ముందుది, జి.హెచ్. ఉన్నది ఆ తర్వాతది, ఏ పబ్లిషర్ పేరూ లేనిది బహుశా అన్నిటికన్నా ఆలస్యంగా పడ్డది. చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి అనుకుంటారు. పేరు లేదు కాబట్టి పేరు చెక్కకముందే తీసిన ప్రింట్ అనుకుని సంబరపడతారు. అది ఎందుకు తప్పో కింద చెబుతాను.

నేను పాత కాగితాల కన్జర్వేషన్ పనిలో ఉన్నాను. నా బల్ల మీదకు ఎక్కువగా వచ్చేవి ప్రింట్లూ మ్యాపులే. అందుకని నా జవాబులో కళా చరిత్ర కన్నా కాగితం, రాగి, సిరా గురించే ఎక్కువ ఉంటుంది.

మొదట ఈ రేకు సంగతి. ఎన్‌గ్రేవింగ్ అంటే నున్నగా మెరుగుపెట్టిన రాగి రేకు మీద బ్యూరిన్ అనే సన్నటి ఉక్కు పనిముట్టుతో గీతలు తవ్వడం. గీతల్లోకి సిరా పట్టించి, పైన ఉన్నది తుడిచేసి, తడిపిన కాగితం పరిచి, రెండు రోలర్ల మధ్య నుంచి గట్టిగా ఒత్తి తీస్తారు. గీతలో దిగిన సిరా కాగితానికి అంటుకుని పైకి లేస్తుంది. రేకు అంచు కూడా కాగితంలోకి దిగబడి చుట్టూ ఒక గాడిలా పడుతుంది. దాన్నే ప్లేట్ మార్క్ అంటారు. పాంటియస్ పనిని భూతద్దంలో చూడండి. నల్లటి అంగీ మీద గీత సన్నగా మొదలై, మడత లోతులో లావెక్కి, వెలుతురు పడే చోట మళ్ళీ సన్నబడుతుంది. అది చేతి ఒత్తిడి మార్చుకుంటూ తవ్విన గీత. ముఖం దగ్గరికి వచ్చేసరికి పొడుగు గీతలు ఆగిపోయి, చిన్న చిన్న గంట్లు, చుక్కలు మొదలవుతాయి. ఒక్క నలుపు సిరాతోనే బట్ట బట్టలా, చర్మం చర్మంలా కనిపించడానికి కారణం అదే.

రేకులు కొత్తగా ఉన్నప్పుడు గీత కత్తితో కోసినట్టు పడుతుంది. కొన్ని వందల కాగితాలు తీశాక సన్న గీతలు అరగడం మొదలవుతుంది. తుడిచిన ప్రతిసారీ, ఒత్తిన ప్రతిసారీ రాగి ఇంచుక అణుగుతుంది. బుగ్గ మీది చుక్కలు, గడ్డంలోని సన్న వెంట్రుకలు ముందు పోతాయి. అప్పుడు పబ్లిషర్ ఇంకో చెక్కేవాడిని పిలిచి, అరిగిన తిరగలికి కక్కు కొట్టించినట్టు, గీతలను మళ్ళీ తవ్విస్తాడు. అలాంటి ప్రింట్లలో నలుపు బాగానే ఉంటుంది కానీ ముఖం మాత్రం బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

రేకు మీద అలా చేసిన మార్పు ఒక్కోదాన్ని ఒక్కో ‘స్టేట్’గా లెక్కిస్తారు. అక్షరం చేర్చినా, పేరు చెరిపినా, కొత్త గీత వేసినా స్టేట్ మారినట్టే. మ్యూజియం పేజీలో కేటలాగ్ నంబర్ పక్కన 3(6) లాంటిది కనిపిస్తే, తెలిసిన ఆరు స్టేట్లలో ఇది మూడోది అని. చాలామంది ఆ అంకెలను చూడకుండా దాటేస్తారు. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంటుంది.

ఇప్పుడు ఈ రూబెన్స్ బొమ్మ ఎక్కడిదో చూద్దాం. ఆంథొనీ వాన్ డైక్ (1599–1641) ఇటలీ నుంచి తిరిగొచ్చి ఆంట్‌వెర్ప్‌లో ఉన్న రోజుల్లో, 1630 ప్రాంతంలో, తన కాలపు ప్రముఖుల పోర్ట్రెయిట్లు ప్రింట్లుగా వేయించడం మొదలుపెట్టాడు. ఈ సిరీస్‌ను ఇప్పుడు ఐకనోగ్రఫీ అంటారు. 1632లో ఆయన లండన్‌లో రాజు చార్లెస్ కొలువుకు వెళ్ళిపోయాడు, ఆంట్‌వెర్ప్‌లో పని మాత్రం నడిచింది. మార్టిన్ వాన్ డెన్ ఎండెన్ 80 ప్రింట్లు ప్రచురించాడు. అందులో రాజులు, సేనాధిపతులు 16 మంది, రాజనీతిజ్ఞులు, పండితులు 12 మంది, మిగతా 52 మందీ చిత్రకారులు, కళాభిమానులు. నాకు ఈ సిరీస్‌లో అన్నిటికన్నా నచ్చేది ఈ లెక్కే. సేనాధిపతికి ఎంత కాగితం ఇచ్చారో చిత్రకారుడికీ అంతే ఇచ్చారు, అదే నిలువు కొలత, ఇంచుమించు 24 సెంటీమీటర్ల ఎత్తు, 16 వెడల్పు. పైగా కత్తి పట్టుకున్నవాళ్ళ కన్నా కుంచె పట్టుకున్నవాళ్ళే మూడింతలు.

వాన్ డైక్ చనిపోయాక రేకులు గిలిస్ హెండ్రిక్స్ చేతికి వచ్చాయి. 1645లో ఆయన ఇంకొన్ని చేర్చి 100 బొమ్మల సంపుటిగా తెచ్చాడు. జి.హెచ్. ఆయనే. ఎండెన్ పేరును రేకు మీద నుంచి గీకి, ఆ చోటును నున్నగా రుద్ది, తన పొడి అక్షరాలు చెక్కించుకున్నాడు. అక్కడితోనూ ఆగలేదు. రేకులు చేతులు మారుతూ వచ్చాయి. 18వ శతాబ్దంలో కూడా వాటి మీద నుంచి కొత్త ముద్రణలు పడ్డాయి, 1759లో ఆమ్‌స్టర్‌డామ్, లైప్‌జిగ్‌ల పేరుతో వచ్చిన ముద్రణ అందులో ఒకటి. తర్వాతి యజమానుల్లో ఎవరో జి.హెచ్.నీ గీకేయించారు. చివరికి చాలా రేకులు పారిస్‌లో లూవ్ర్ వారి రాగి రేకుల భాండాగారానికి చేరాయి.

అందుకే మీ మూడో ప్రింట్ గురించి అలా చెప్పాను. అక్షరాలేవీ చెక్కకముందు తీసిన తొలి ప్రింటైతే మొత్తం కింది భాగమే ఖాళీగా ఉంటుంది. రూబెన్స్ పేరూ, లాటిన్ వరుసలూ, పాంటియస్ పేరూ అన్నీ ఉండి పబ్లిషర్ పేరు ఒక్కటే లేదంటే, అది చెరిపేసిన తర్వాతి స్టేట్ అయ్యే అవకాశమే ఎక్కువ. నిర్ధారించుకోవడం కష్టమేమీ కాదు. మ్యూజియం సైట్‌లో బొమ్మను పూర్తిగా జూమ్ చేసి, జి.హెచ్. ఉన్న ప్రింట్‌లో ఆ అక్షరాలు ఏ చోట ఉన్నాయో చూసుకోండి. మూడోదాంట్లో సరిగ్గా అదే చోట చూడండి. రాగిని గీకినా అడుగున కొంచెం గాడి మిగులుతుంది, అందులో పలచగా సిరా నిలుస్తుంది. జి వంపులో కొంత, హెచ్ నిలువు గీతల్లో ఒకటి, మసకగా కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. బాగా రుద్దేసి ఉంటే అదీ కనిపించదు, అప్పుడు కేటలాగ్ నంబరే దిక్కు.

ఇంకో సంగతి, దీన్ని ఎక్కడా ఎవరూ గట్టిగా చెప్పరు. మ్యూజియం పేజీలో ఉన్న తేదీ చాలాసార్లు రేకు చెక్కిన తేదీ, ఆ కాగితం మీద అచ్చు పడిన తేదీ కాదు. మూడుచోట్లా 1630–1645 అని ఉండటానికి కారణం అదే. రేకు అప్పటిదే. కాగితం నూరేళ్ళ తర్వాతదీ కావచ్చు. ఇందులో మోసం ఏమీ లేదు, కేటలాగ్ చేసే పద్ధతే అంత. కొన్ని మ్యూజియాలు రెండు తేదీలూ విడిగా ఇస్తాయి. అలా ఇచ్చినచోట నాకు ప్రాణం లేచొస్తుంది.

లాటిన్ వరుసల సంగతి. ఎడమ వైపు మూలలో ‘ఆంట్. వాన్ డైక్ పింక్సిట్’ అంటే వాన్ డైక్ చిత్రించాడని. ఇంకో పక్క పేరు తర్వాత ‘స్కల్ప్సిట్’ ఉంటే ఆ మనిషి రేకు చెక్కాడని. ‘ఎక్స్‌కుడిట్’ పక్కన ఉన్నది పబ్లిషర్. ‘కుమ్ ప్రివిలేజియో’ అంటే ఇంకెవరూ దీన్ని కాపీ కొట్టకుండా ప్రభుత్వం ఇచ్చిన రక్షణ ఉందని. ఈ రక్షణ విషయంలో ఆంట్‌వెర్ప్ వాళ్ళు చాలా గట్టివాళ్ళు. రూబెన్స్ స్వయంగా 1620 ప్రాంతానికే దక్షిణ నెదర్లాండ్స్, ఫ్రాన్స్, డచ్ రిపబ్లిక్ మూడుచోట్లా తన ప్రింట్లకు ఈ హక్కు సంపాదించుకున్నాడు. మధ్యలో పెద్ద అక్షరాల్లో ఉన్నది బొమ్మలోని మనిషి పేరు, హోదా. రూబెన్స్‌ను నైట్ అనీ, స్పెయిన్ రాజు మంత్రాంగ సభ కార్యదర్శి అనీ, ‘తన కాలపు అపెలీజ్’ అనీ అన్నారు. అపెలీజ్ అలెగ్జాండర్ కొలువులోని గ్రీకు చిత్రకారుడు, అప్పట్లో చిత్రకారుడికి అంతకన్నా పెద్ద పొగడ్త లేదు. కార్యదర్శి పదవి 1629లో వచ్చింది, ఇంగ్లండ్ రాజు నైట్‌హుడ్ ఇచ్చింది 1630లో. అంటే ఆ వరుసలు అంతకుముందు చెక్కినవి కావు. పోర్ట్రెయిట్ ప్రింట్లకు తేదీ పట్టుకోవడానికి ఇలాంటి బిరుదులు బాగా పనికొస్తాయి.

‘పింక్సిట్’ చూసి, దీని వెనక పెద్ద ఆయిల్ పెయింటింగ్ ఒకటి ఉంటుంది, అదే అసలైన ఒరిజినల్ అనుకోకండి. ఈ సిరీస్‌లో చాలావాటికి మూలం వాన్ డైక్ సుద్దతో గీసిన డ్రాయింగో, గోధుమ, బూడిద రంగుల్లో వేసిన చిన్న ఆయిల్ స్కెచ్చో. ప్రింట్ కోసమే వేసినవి అవి. ఇక్కడ చివరి రూపం ప్రింటే. రూబెన్స్ బొమ్మలు చెక్కి చేయి తిరిగినవాళ్ళే ఇవి చెక్కారు: లూకాస్ వోర్స్టర్‌మన్, ఆయన శిష్యుడు పాంటియస్, షెల్టె బోల్స్‌వెర్ట్, పీటర్ దె యోడె. వోర్స్టర్‌మన్‌కూ రూబెన్స్‌కూ గొడవ ఎంత ముదిరిందంటే, 1622లో రూబెన్స్ తరఫున రక్షణ కావాలని అధికారులకు అర్జీ వెళ్ళింది. తర్వాత రూబెన్స్ దగ్గర వోర్స్టర్‌మన్ చోటు పాంటియస్‌కు దక్కింది. ఆయన చాలా ఏళ్ళు రూబెన్స్ ఇంట్లోనే ఉన్నాడు. అంటే మీ బొమ్మలోని మనిషిని పాంటియస్ రోజూ చూసినవాడే.

ఒక చిన్న జాగ్రత్త. పాంటియస్ చెక్కిన రూబెన్స్ బొమ్మ ఇంకోటి ఉంది, టోపీతో, 1630 నాటిది. అది రూబెన్స్ తనను తాను వేసుకున్న పెయింటింగ్ నుంచి చేసినది, వాన్ డైక్‌కు సంబంధం లేదు. సెర్చ్‌లో రెండూ పక్కపక్కనే వస్తాయి. వాటిని పోల్చి స్టేట్లు తేల్చాలని కూర్చుంటే బుర్ర వేడెక్కుతుంది.

సిరీస్‌లో కొన్ని రేకులు వాన్ డైక్ తన చేత్తోనే, ఎచింగ్ పద్ధతిలో, ఆసిడ్‌తో చేశాడు. అవి ఓ పదిహేను పైచిలుకు. నా దృష్టిలో అసలు అద్భుతం అవే. ఆయన సొంత పోర్ట్రెయిట్ తొలి స్టేట్‌లో తల ఒక్కటే ఉంటుంది, భుజం తిప్పి మనవైపు చూస్తున్నట్టు. మిగతా రేకంతా ఖాళీ. హెండ్రిక్స్ దాన్ని 1645 సంపుటికి టైటిల్ పేజీ చేయాలనుకుని, యాకోబ్ నేఫ్స్ చేత కింద దిమ్మె చెక్కించి, ఆ తలను శిలావిగ్రహంలా మార్పించాడు. రెండు స్టేట్లూ పక్కపక్కన చూడండి, స్టేట్ అంటే ఏమిటో నా నాలుగు పేరాల కన్నా బాగా అర్థమవుతుంది.

ఇక కొనడం. ఇక్కడ నా బల్ల మీదకు వచ్చినవాటి గురించి చెప్పాలి.

ఎక్కువగా వచ్చేవి ఫొటో పద్ధతిలో అచ్చేసిన పుస్తకాల నుంచి చింపి ఫ్రేమ్ కట్టినవి. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం చాలు. గీత గీతగా కాకుండా ఒకే దూరంలో పేర్చిన చుక్కలుగా విడిపోతే అది పాత ప్రింట్ కాదు, అక్కడితో మాట అయిపోయింది. ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. 19వ శతాబ్దం చివర్లో పారిస్‌లో అమాండ్ డ్యూరాండ్ ఫొటో సాయంతో రాగి మీద రేకులు చేసి, వాన్ డైక్ ఎచింగ్‌లతో సహా ఎన్నో పాత ప్రింట్లకు నకళ్ళు తీశాడు. వాటికి ప్లేట్ మార్క్ ఉంటుంది, సిరా పైకి లేచి ఉంటుంది. ఆయన మోసం చేయాలని చేయలేదు, అధ్యయనం కోసం చేశాడు. కానీ ఫ్రేమ్‌లో పెట్టి అమ్మేవాళ్ళు ఆ మాట చెప్పరు. ఒకాయన వాన్ డైక్ సొంత ఎచింగ్ అని అలాంటిదే ఒకటి తెచ్చారు. ఫ్రేమ్ విప్పి కాగితాన్ని వెలుతురుకు పట్టి చూపించాక ఆయనే నిట్టూర్చి ఒప్పుకున్నారు.

వెలుతురుకు పట్టడం అన్నాను కదా, నన్నడిగితే ముందు కాగితం చూడాలి, బొమ్మ తర్వాత. ఆ కాలపు కాగితాన్ని తీగలు కట్టిన చట్రంతో చేతితో తీసేవారు. వెలుతురుకు పడితే సన్నటి దగ్గర దగ్గర గీతలు, వాటికి అడ్డంగా రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఇంకొన్ని గీతలు కనిపిస్తాయి. అదృష్టం ఉంటే వాటర్‌మార్క్, అంటే కాగితం తయారీలోనే పడ్డ గుర్తు, కూడా ఉంటుంది. గీతలేవీ లేకుండా సాఫీగా ఉండే కాగితం ఐరోపాలో 1750ల తర్వాతే వచ్చింది. మీ వేలం ప్రింట్ అలాంటి కాగితం మీద ఉంటే, అది వాన్ డైక్ కాలంలో పడ్డది కాదు. అయితే దీన్ని తిరగేసి వాడకండి. గీతలున్నంత మాత్రాన పాతదని కాదు, అలాంటి కాగితం ఇప్పటికీ తయారవుతోంది.

రెండోది అంచులు. పాతకాలంలో సేకరించేవాళ్ళు ప్రింట్లను ప్లేట్ మార్క్ దాకా, ఒక్కోసారి లోపలికి కూడా కత్తిరించి ఆల్బమ్‌లో అతికించేవారు. కింది లాటిన్ వరుసలే పోయిన ప్రింట్లు బోలెడు. అమ్మకందారుడు ‘అక్షరాలు లేని తొలి స్టేట్’ అంటే, కింద రేకు అంచు గాడి దాకా ఖాళీ కాగితం కనిపిస్తోందా అని అడగండి. గాడి లేకపోతే ఆ మాటకు విలువ లేదు. ఎవరో కత్తెర వేశారు, అంతే.

మూడోది కుడి ఎడమలు. రేకు మీది బొమ్మ కాగితం మీద తిరగబడుతుంది. ప్రింట్‌ను చూసి ఇంకెవరో కాపీ చెక్కితే అది మళ్ళీ తిరగబడుతుంది. రూబెన్స్ మ్యూజియం ప్రింట్లలో ఒకవైపు తిరిగి, వేలం ప్రింట్‌లో ఇంకోవైపు తిరిగి ఉంటే అది వేరే రేకు. జాగ్రత్తపరుడైన కాపీదారుడు డ్రాయింగ్‌ను ముందే తిప్పుకుంటాడు కాబట్టి, ఒకేవైపు ఉన్నంత మాత్రాన ధీమా పడకూడదు.

పెన్సిల్ సంతకం, 12/50 లాంటి అంకెల కోసం వెతక్కండి. మన లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్‌ల లాంటివి చూసి అలవాటైనవాళ్ళు పాత ప్రింట్‌కూ అవి ఉండాలనుకుంటారు. ఆ పద్ధతి 19వ శతాబ్దం చివర్లో ఊపందుకున్నది. వాన్ డైక్ పేరుతో పెన్సిల్ సంతకం ఉందంటే అది ఎవరి చేతిదైనా కావచ్చు, ఆయనది మాత్రం కాదు.

ధర విషయంలో నేను అంకెలు చెప్పను, వేలం వేలానికీ మారిపోతాయి. కానీ క్రమం ఇలా ఉంటుంది: వాన్ డైక్ సొంత ఎచింగ్‌ల తొలి స్టేట్లు మనలాంటివాళ్ళకు అందవు. ఎండెన్ పేరున్న మంచి ప్రింట్‌కు మంచి ధర పలుకుతుంది. జి.హెచ్. తర్వాతివి, అందులోనూ అరిగిన రేకు మీదివి, చాలామంది అనుకునేదాని కన్నా చవగ్గా దొరుకుతాయి. మొదటిసారి కొనేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: అరిగిన రూబెన్స్ కన్నా, స్ఫుటంగా పడ్డ పేరు తెలియని చిత్రకారుడి బొమ్మ కొనుక్కోండి. రోజూ గోడ మీద చూసేది గీతనే. గోడ అంటే ఎండ పడని గోడ. మ్యూజియాలు ఇలాంటివాటికి 50 లక్స్ (వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వవు, కొన్ని నెలలు చూపించి మళ్ళీ పెట్టెలో పెట్టేస్తాయి.

కొనేముందు వీలైతే నిజం ప్రింట్ ఒకటి దగ్గరగా చూడండి. మీరు నెదర్లాండ్స్‌లో ఉన్నానన్నారు కదా, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో, రైల్లో వెళ్తే ఆంట్‌వెర్ప్ ప్లాంటిన్-మొరేటస్ మ్యూజియంలో ప్రింట్ విభాగాలు ఉన్నాయి. ముందుగా మెయిల్ రాసి, ప్రింట్ నంబర్ చెప్పి అపాయింట్‌మెంట్ అడగండి. పెద్ద పరిశోధకులై ఉండాలన్న టెన్షన్ పెట్టుకోకండి. పెన్ను తీసుకెళ్ళొద్దు, పెన్సిలే. ప్రింట్‌ను మీరు ముట్టుకోకుండా, పక్క నుంచి వెలుతురు పడేలా వంచి చూపించమని అక్కడివాళ్ళను అడగండి. అంగీ మీది సిరా గట్టులా లేచి నీడ పడటం మామూలు కంటితోనే కనిపిస్తుంది. స్క్రీన్ మీద ఎంత జూమ్ చేసినా అది రాదు.

వేలం లింక్ పెట్టలేదు మీరు. పెడితే, కాగితం వెనక వైపు ఫొటో, కింది అంచు దగ్గరి ఫొటో కూడా అమ్మకందారుడిని అడిగి ఇక్కడ పెట్టండి. ఆ రెండూ ఇవ్వనంటే వదిలేయండి, ఇలాంటి ప్రింట్లు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి.